రెండు నెలల ఖాళీ, గిరిజన పిల్లలు, సేంద్రియ పొలం: నేపాల్ కొండల అనుభవం నుంచి ఒక జవాబు

ఉద్యోగం మారే మధ్యలో రెండు నెలల ఖాళీ దొరికింది, విదేశంలో ఎక్కడైనా గిరిజన పిల్లలకు చదువు చెబుతూ, రసాయనాలు వాడని పొలంలో పని చేయాలని ఉంది, వలంటీర్లను పంపే ఏజెన్సీ అడుగుతున్న డాలర్లు కట్టవచ్చా అని అడిగారు.

కట్టకండి. దూరదేశాలు కూడా వెతకకండి, నేపాల్ వెళ్లండి. మూడో మాట మీకు అంతగా నచ్చకపోవచ్చు: రెండు నెలలు మాత్రమే ఉండేవారు పిల్లలకు పాఠాలు చెప్పే పని పెట్టుకోకూడదు. పొలంలో ఎక్కువసేపు ఉండండి, బడిలో తక్కువసేపు ఉండండి. ఆ కాసేపు కూడా అక్కడి ఉపాధ్యాయులకు సాయంగా ఉండండి.

మాది పార్వతీపురం ప్రాంతం. ప్రకృతి వ్యవసాయం పని మీద సవర గూడేల్లో కొన్నేళ్లు తిరిగాను. ఆ తర్వాత ఒక శీతాకాలం నేపాల్‌లోని చిత్వన్ జిల్లాలో, శక్తిఖోర్‌కు ఎగువన చేపాంగ్ అనే గిరిజనుల ఊళ్లో ఉన్నాను. చిత్వన్ అనగానే ఖడ్గమృగాల అడవి గుర్తొస్తుంది కానీ అది దిగువ మైదానంలో ఉంది. చేపాంగులు ఉండేది ఉత్తరాన, మహాభారత్ పర్వతశ్రేణి వాలుల మీద. 1,945 మీటర్ల సిరైచులి శిఖరం కూడా అటే. 2011 జనగణన ప్రకారం వీరు 68 వేల పైచిలుకు మంది. నేపాల్ ప్రభుత్వం 2002లో గుర్తించిన 59 ఆదివాసీ జనజాతుల్లో బాగా వెనుకబడిన వర్గాల్లో వీరిని చేర్చారు. పెద్దవాళ్లను కదిపితే అడవి దుంపలు, వేట, పోడు, వాటి కబుర్లే. గిఠ్ఠా, భ్యాకుర్ అనే దుంపలు ఇప్పటికీ ధాన్యం నిండుకున్న నెలల్లో ఇంటిని గట్టెక్కిస్తాయి.

బడి సంగతికి వస్తాను. ఒకటో తరగతి పిల్లలకు ఇంట్లో చేపాంగ్ భాష, బడిలో నేపాలీ. వలంటీరు రాగానే దానిమీద ఇంగ్లీషు. శరీర భాగాల ఇంగ్లీషు పాట ఒకటి ఆ పిల్లలు నాకంటే బాగా పాడతారు. వచ్చిన ప్రతి వలంటీరూ మొదటి రోజు నేర్పేది అదే, రెండో పాట నేర్పేలోపు సెలవు అయిపోతుంది. కొత్త అక్క వచ్చింది, ఫోటోలు తీసుకుంది, అలవాటయ్యాక వెళ్లిపోయింది. ఇలా ఏడాదికి ఎన్నిసార్లు? వెళ్లేవారికి అది మరపురాని అనుభవమే. ఆ వయసు పిల్లలకు మాత్రం ఏదీ నిలవదన్న అలవాటు పడుతుంది.

అందుకే ఒకటో తరగతి పంతులుగారి పక్కన కూర్చుంటానని ముందే చెప్పాను. ఆయనా చేపాంగ్ యువకుడే. పిల్లలకు రెండు భాషల్లోనూ చెప్పగలడు, కానీ చేతిలో ఉన్న పుస్తకాలన్నీ నేపాలీలోనే. మన దగ్గర 2004 ప్రాంతంలో సవర, కువి, కోయ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెచ్చారు. వాటిని గూడేల్లో చూసి ఉన్నాను కాబట్టి ఆ పద్ధతిలో బొమ్మల అట్టలు చేద్దామన్నాను. చియురీ కాయ, చీపురు కట్ట, తేనెపట్టు, దుంప, ఇలా ఊళ్లో కనిపించేవే బొమ్మలు. కింద దేవనాగరి లిపిలో చేపాంగ్ మాట, దాని కింద నేపాలీ మాట. గీసింది నేను, రాసింది ఆయన. అవి ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాయి, బడికి నాతో పని లేదు.

లెక్కల్లో నాకు ఒక తమాషా ఎదురైంది. చేపాంగ్ భాషలో పాత లెక్క పదులతో కాక పన్నెండులతో సాగేది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తాకుతూ పోతే పన్నెండు వస్తాయి కదా, అదే ఆధారం కావచ్చు. ఊళ్లో ఒక ముసలామె చీపుళ్లను ఇప్పటికీ అలాగే లెక్కపెడుతుంది. మన జపాలు చేసుకునే పెద్దవాళ్లు గుర్తొచ్చారు. పంతులుగారు ఆమెను ఒకరోజు బడికి పిలిచారు. పన్నెండో ఎక్కం ఆవిడ వేళ్ల మీద నడిచింది. నేను వెనుక బల్ల మీద కూర్చుని చూశాను, నా సాయం అక్కర్లేకపోయింది.

మనకు అక్కడ ఒక వెసులుబాటు ఉంది. బడిలో హిందీ చదివిన తెలుగువారు నేపాలీ వాచకాన్ని మొదటిరోజే పైకి చదవగలరు, లిపి అదే. టీవీ పుణ్యమా అని పిల్లలకూ హిందీ కొంత తెలుసు.

ఇక పొలం. రాసేకొద్దీ రాయాలనిపించేది దీని గురించే. అక్కడి వాలు మీద నిలబడి కలుపు తీయడం అంటే ఒక కాలు ఎప్పుడూ మరో కాలికంటే జానెడు ఎత్తున ఉండటం. ఖోరియా అని పిలిచే పోడు భూముల్లో చెట్టు పోయాక వాన మట్టిని తీసుకుపోతుంది. నేనున్న ఇంటివాళ్లు వాలుకు అడ్డంగా వరసలుగా అమ్రిసో నాటారు. దాన్ని చూడగానే పలకరించాలనిపించింది, మన కొండచీపురే! మన్యంలో గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో అదీ ఒకటి. దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, ఆకు పశువులకు మేత, శీతాకాలం చివర కంకులు కోస్తే చీపురు, ఎండిన కాడలు పొయ్యిలోకి. వరసల మధ్య అరటి, అనాస, పప్పుధాన్యాలు. ఈ పద్ధతిలో కొత్తదనం లేకపోవచ్చు, వానాకాలం వెళ్లాక కూడా మట్టి అక్కడే ఉంటోంది.

పురుగు మందుకు బదులు ఝోల్‌మోల్ చేస్తారు: పశువుల మూత్రం, పేడ, నీళ్లు, అందులో అడ్డసరం, మాచిపత్రి వంటి ఆకులు, రోజుల తరబడి మాగబెట్టడం. వినాయక చవితి పత్రిలో తప్ప మాచిపత్రిని నేను పెద్దగా పట్టించుకున్నది లేదు, అక్కడ గట్ల మీద విరివిగా పెరుగుతుంది. నేను బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి మన జీవామృతం చేసి చూపించాను. ఇక్కడ రెండు రోజుల్లో సిద్ధమయ్యేది, ఆ చలికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. బెల్లం వేయాలనగానే ఆ ఇంటి పెద్దాయన ముఖం చూడాలి: మనుషులు తినేది మట్టికా? తరవాత ఆయనే మాగిన అరటిపండ్లు వేసి చేశాడు. ఖర్చు లేదు, నా పద్ధతికంటే అదే నయం.

చియురీ చెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. ఇది మన ఇప్పచెట్టు కుటుంబానిదే. గింజల నుంచి నెయ్యి తీస్తారు, పూల తేనెకు మంచి పేరు. చేపాంగులు కూతురికి పెళ్లి చేస్తే చియురీ చెట్టును కట్నంగా ఇస్తారు. ఏ చెట్టు ఏ ఆడపడుచుదో ఊరందరికీ తెలుసు. అనుమతి లేకుండా కాయ కోయకండి.

ఏజెన్సీల విషయానికి వస్తే, నేను వెళ్లేముందు ఒక సంస్థతో మాట్లాడాను, పేరు అనవసరం. నాకు ఏం వచ్చు, పిల్లలతో పని చేసిన అనుభవం ఉందా, పోలీసు ధ్రువపత్రం ఉందా, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. డబ్బు ఎలా పంపుతారని మాత్రం అడిగారు. అక్కడే వదిలేశాను. పిల్లల దగ్గరికి ఎవరినైనా పంపేవారు మీ గురించి ఆరా తీయాలి, తీయకపోతే మీలాగే ఇంకెవరైనా లోపలికి వెళ్లగలరని అర్థం. అనాథాశ్రమంలో పని అంటే మాత్రం అసలు ఒప్పుకోకండి. నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో అధికశాతం మందికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బతికే ఉన్నారు. ఆశ్రమాలు కూడా ఎక్కువగా పర్యాటకులు తిరిగే జిల్లాల్లోనే ఉన్నాయి. చదువు చెప్పిస్తామని కొండ ఊళ్ల నుంచి పిల్లలను తెచ్చి, వలంటీర్ల డబ్బు కోసం ఉంచుతున్నారన్న ఆరోపణలు చాలాకాలంగా ఉన్నాయి. సొంత ఇంట్లో ఉంటూ ఊరి బడికి వెళ్లే పిల్లలున్న చోటుకే వెళ్లండి.

పొలానికి అసలు రుసుము ఉండకూడదు. సేంద్రియ పొలాల్లో ఉండి పని చేసే వూఫ్ (WWOOF) పద్ధతి 1971లో ఇంగ్లాండులో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల పని, బదులుగా తిండి, పడక. ఆ ఇల్లు మరీ పేదదైతే తిండి ఖర్చు మీరే ఇవ్వండి, మధ్యవర్తికి కాదు, ఇంటి ఇల్లాలి చేతికి. పొద్దున పదింటికి ఒక పెద్ద భోజనం, మళ్లీ చీకటి పడ్డాకే. ఢిఁడో అంటే భయపడకండి, సంకటి తిన్న నాలుకకు అది తెలిసిన రుచే.

భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. మిగతా దేశాలవారు టూరిస్టు వీసా మీద జీతం లేని పని చేయడం కూడా అక్కడ నిషేధం, థాయ్‌లాండ్ వెళ్తే మనకూ అలాంటి చిక్కే. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్‌ను నమ్ముకుని విమానాశ్రయానికి వెళ్లకండి. మన ఒక రూపాయికి వారివి 1.60 రూపాయలు వస్తాయి, ఈ మారకం స్థిరంగా ఉంటుంది.

దసరా, దీపావళి సెలవుల్లో బడి ఉండదు, ఏప్రిల్ మధ్యలో విద్యాసంవత్సరం మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, రాగుల కోత చూడవచ్చు, చీపుళ్ల కోతకూ అందుకోవచ్చు. వానాకాలం వద్దనడానికి జలగలు చిన్న కారణం. 2024 జూలైలో నారాయణ్‌గఢ్, ముగ్లింగ్ మధ్య సిమల్తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. ఏ కాలంలోనైనా ఆ దారిలో రాత్రి బస్సు ఎక్కకండి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు పడుకునే గదికి లోపలి గడియ ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం అని ముందే ఫోనులో అడగండి. అడగడానికి నేను మొహమాటపడలేదు, వాళ్లూ ఏమీ అనుకోలేదు. టార్చిలైటు, జారని బూట్లు, శానిటరీ ప్యాడ్లు ఇక్కడినుంచే తీసుకెళ్లండి. పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచవద్దు, ఏదైనా ఇవ్వాలనుకుంటే బడిలో ఇవ్వండి.

రైలులో వెళ్లేవారు రక్సౌల్‌లో దిగి సరిహద్దు దాటితే బీర్‌గంజ్. అక్కడినుంచి హెటౌడా మీదుగా భరత్‌పూర్ వైపు వెళ్లే బస్సెక్కి టాండిలో దిగండి. శక్తిఖోర్‌కు బండ్లు అక్కడినుంచే దొరుకుతాయి. ఆపైన ఊళ్లకు నడకే, కాబట్టి సంచి మీరు మోయగలిగినంతే సర్దుకోండి.