అమెరికాలో నాకు పౌరసత్వం వచ్చింది, గ్రీన్ కార్డు ఉన్న మా అమ్మాయికి ఏ దరఖాస్తు పెట్టాలి?

మీరు ఇటీవలే అమెరికా పౌరులుగా ప్రమాణం చేశారు, మీ శ్రీమతి ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నారు, గుంటూరులో పుట్టిన మీ అమ్మాయికి పదిహేనేళ్లు, ఆమెకూ గ్రీన్ కార్డు ఉంది. ఆమె పౌరసత్వానికి ఎన్-400 నింపాలా, మరేదైనా ఫారం ఉందా అని మీరు అడిగారు. మా ఇంట్లోనూ పరిస్థితి ఇదే. పెద్దవాడు హైదరాబాదులో పుట్టి, ఉద్యోగ వీసాదారుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చాడు, చిన్నమ్మాయి ఇక్కడే పుట్టింది. నేను న్యాయవాదిని కాను. మా అబ్బాయి విషయంలో చేసినదీ, అప్పుడు చదివి తెలుసుకున్నదీ మాత్రమే చెబుతున్నాను.

ముందుగా తెలుసుకోవలసినది ఏమిటంటే, మీ అమ్మాయికి పౌరసత్వం కోసం మీరు దరఖాస్తు చేయవలసిన పని లేదు, అది ఇప్పటికే వచ్చేసింది. 2000లో చేసిన బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తల్లిదండ్రులలో కనీసం ఒకరు అమెరికా పౌరులై, బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకుండా, గ్రీన్ కార్డుతో అమెరికాలో ఆ పౌరులైన తల్లి లేదా తండ్రి చట్టబద్ధ సంరక్షణలో వారితోనే నివసిస్తూ ఉంటే, ఈ షరతులన్నీ ఒకేసారి నెరవేరిన క్షణంలోనే బిడ్డ పౌరురాలవుతుంది. మీ శ్రీమతికి ఇంకా పౌరసత్వం రాకపోవడం దీనికి అడ్డు కాదు. ఎన్-400 పద్దెనిమిదేళ్లు నిండినవారి ఫారం, దాని జోలికి వెళ్లకండి. ఇక మీరు తెచ్చుకోవలసింది రుజువు మాత్రమే.

అయితే ఇది చదివే మిగతావారు వయసు విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మన తెలుగు కుటుంబాలలో ఉద్యోగం ఆధారంగా గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 వరుసల్లో ఏళ్ల తరబడి వేచి ఉన్నాక గ్రీన్ కార్డు చేతికి వస్తుంది, ఆ తరువాత పౌరసత్వానికి సాధారణంగా మరో అయిదేళ్లు ఆగాలి; కాబట్టి గ్రీన్ కార్డు వచ్చేనాటికే పిల్లలకు పద్నాలుగో పదిహేనో ఉంటే, తల్లిదండ్రులు ప్రమాణం చేసేసరికి వారు పద్దెనిమిది దాటిపోతారు, అప్పుడు వారి దరఖాస్తు వారే విడిగా పెట్టుకోవాలి. పన్నెండేళ్లప్పుడు గ్రీన్ కార్డు వచ్చినవారికి అవకాశం ఉంటుంది కానీ ఆలస్యం పనికిరాదు. అయిదేళ్లు నిండడానికి తొంభై రోజుల ముందే ఎన్-400 పంపవచ్చు, ఆ రోజు రాగానే పంపడం మంచిది. లెక్కలోకి వచ్చేది దరఖాస్తు తేదీ కాదు, ప్రమాణం చేసిన తేదీ. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి పెట్టడం మేలని నా అభిప్రాయం, ఎవరిది ముందు తేలినా బిడ్డకు సరిపోతుంది. సవతి బిడ్డకు దత్తత జరిగి ఉంటే తప్ప ఈ చట్టం వర్తించదు.

రుజువుకు రెండు దారులున్నాయి, మొదటిది పాస్‌పోర్టు. డీఎస్-11 ఫారంతో అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాలి. పదహారేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరూ రావాలి, ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే అంగీకార పత్రంపై నోటరీ ముందు సంతకం చేసి పంపాలి. మీ నేచురలైజేషన్ సర్టిఫికెట్ (ప్రమాణం చేశాక మీకిచ్చిన పౌరసత్వ పత్రం) అసలు ప్రతి, అమ్మాయి గ్రీన్ కార్డు అసలు ప్రతి, జనన ధ్రువపత్రం, వీటి నకళ్లు కావాలి. అసలు ప్రతులను తరువాత తపాలాలో తిరిగి పంపుతారు. మేము వెళ్లినప్పుడు కౌంటరులో ఉన్న ఉద్యోగి ముందు పిల్లవాడి పేరున పౌరసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైటులోని నిబంధనల ముద్రిత ప్రతిని నా భార్య వెంట తెచ్చింది కాబట్టి, అది చదివి మారుమాట లేకుండా తీసుకున్నారు. మీరూ ఒక ప్రతి వెంట పెట్టుకోండి.

అసలు చిక్కు మన జనన ధ్రువపత్రాలతోనే వస్తుంది. పుట్టిన వెంటనే తీసుకున్న పత్రంలో బిడ్డ పేరు ఉండదు, తల్లిదండ్రుల పేర్లు పొడి అక్షరాలతో ఉంటాయి, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర ఉంటుంది. మీ నేచురలైజేషన్ సర్టిఫికెట్‌లోని పేరుకూ అమ్మాయి జనన పత్రంలో తండ్రిగా ఉన్న పేరుకూ పొంతన కుదరాలి, ఎందుకంటే పౌరసత్వం ఆమెకు వచ్చింది ఆ బంధుత్వం ద్వారానే. పేరు లేని పత్రమైతే అక్కడి మున్సిపాలిటీలో పేరు చేర్పించి కొత్త ప్రతి తెప్పించుకోండి, అక్కడి ‘మీసేవ’ కేంద్రం ద్వారా మీ బంధువులు అడగవచ్చు. దీన్నే మొదట మొదలుపెట్టండి, మిగతావన్నీ ఇక్కడ మీ చేతిలో ఉన్నవే.

రెండో దారి ఎన్-600, పౌరసత్వ ధ్రువపత్రానికి దరఖాస్తు. 2024 ఏప్రిల్ 1 నుంచి దీని రుసుము ఆన్‌లైన్‌లో 1,335 డాలర్లు, కాగితంపై అయితే 1,385 డాలర్లు. ఇంత ఖరీదు ఎందుకని చాలామంది మానేస్తారు, పాస్‌పోర్టే చాలు అంటారు. నేను ఒప్పుకోను. పాస్‌పోర్టు గడువు తీరుతుంది, పోతుంది; పైగా వలస శాఖ రికార్డుల్లో బిడ్డ ఇంకా గ్రీన్ కార్డుదారుగానే ఉండిపోవచ్చు. ధ్రువపత్రానికి గడువు లేదు. అయితే తొందర కూడా లేదు, షరతులు పద్దెనిమిది లోపు నెరవేరి ఉంటే ఎన్-600 ఏ వయసులోనైనా పెట్టవచ్చు. కాబట్టి ముందు పాస్‌పోర్టు, వీలైనప్పుడు ధ్రువపత్రం. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో పౌరసత్వ వివరం మార్పించడం మాత్రం పాస్‌పోర్టు రాగానే చేయండి.

బిడ్డ అమ్మమ్మగారింట్లో ఉండి ఇండియాలో చదువుకుంటుంటే పైన చెప్పినదేదీ వర్తించదు. అప్పుడు పెట్టేది ఎన్-600కె. పౌరులైన తల్లి లేదా తండ్రి అమెరికాలో మొత్తం అయిదేళ్లు, అందులో రెండేళ్లు పద్నాలుగేళ్ల వయసు దాటాక గడిపి ఉండాలి. బిడ్డ చట్టబద్ధంగా ఇక్కడికి వచ్చి పద్దెనిమిది నిండేలోపే ప్రక్రియంతా పూర్తి కావాలి.

చివరగా ఇండియా వైపు సంగతి. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి అమ్మాయి భారత పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణించకూడదు. అమెరికా పౌరులు ఈ దేశం వదిలేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ అమెరికా పాస్‌పోర్టే చూపాలన్నది ఇక్కడి చట్టం. అందువల్ల వేసవి సెలవులకు టిక్కెట్లు కొనేముందు అమెరికా పాస్‌పోర్టు, ఆ తరువాత పాత భారత పాస్‌పోర్టు అప్పగింత, ఆ తరువాత ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) అన్న వరుసలో మీవీ అమ్మాయివీ కానివ్వండి. మైనర్ ఓసీఐ దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలూ, ఇద్దరి పాస్‌పోర్టు నకళ్లూ అడుగుతారు. మీ శ్రీమతిది భారత పాస్‌పోర్టే కాబట్టి దాని గడువు ఎప్పటివరకు ఉందో ఇప్పుడే చూసుకోండి.