ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ: ఫోన్ వీడియోలతో లెక్కలు, సైన్సు వస్తాయా?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు దగ్గరున్న అంకిసా వైపు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. కొడుకు మరాఠీ మీడియంలో తొమ్మిదో తరగతి, ఊళ్లో ట్యూషన్ చెప్పేవాళ్లు లేరు, ఫోన్లో తెలుగు వీడియోలు చూపిస్తే వాడికి లెక్కలు, సైన్సు వస్తాయా లేక వచ్చింది కూడా పోతుందా అని.

వస్తాయి తమ్ముడూ. కానీ మా ఇంట్లో మొదటి మూడు నెలలు వచ్చింది కూడా పోయింది, అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

నాది పుట్టిల్లు చెన్నూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివి, పెళ్లయ్యాక ప్రాణహిత దాటి సిరోంచ వచ్చాను. ఇంట్లోనే మిషన్ కుడతాను. బజారులో బేరమాడేంత మరాఠీ వచ్చు కానీ పుస్తకం మరాఠీ రాదు. మా బిడ్డకేమో ఒకటో తరగతి నుంచి మరాఠీయే, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం కూడబలుక్కోవాలి. దానికి తొమ్మిదిలో సైన్సు బరువైతే నేనే తెలుగు వీడియోలు వెతికి ముందు పెట్టాను. ఎనిమిది, పది నిమిషాలవి. వింటుంటే నాకే ముచ్చటేసింది, మా సార్లు ఇట్లా చెప్పి ఉంటే నేను ఇంకో రెండేళ్లు చదివేదాన్నేమో.

ఆమ్లాల పాఠం వచ్చింది. వీడియోలో నిమ్మరసం, సున్నపునీళ్లు, పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడటం, అన్నీ చూపించి, ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణమూ నీరూ వస్తాయి అన్నాడు. బిడ్డకు బాగా ఎక్కింది. ఘటక చాచణీలో, అంటే బడిలో పెట్టే యూనిట్ టెస్టులో, అదే మరాఠీలో పెట్టి, ఆమ్ల, క్షార కలిస్తే అని రాసొచ్చింది. సున్నా. నాకు కోపమొచ్చి, కరెక్టుగా రాస్తే మార్కులెందుకు కొట్టేశారని బడికి పోయి అడిగాను కూడా. సారు ఏమీ అనకుండా బాలభారతి పుస్తకం, అదే మహారాష్ట్ర సర్కారు పాఠ్యపుస్తకం, తెరిచి చూపించారు. మరాఠీలో క్షార్ అంటే లవణం అట! మనం క్షారం అనేదాన్ని వాళ్లు ఆమ్లారి అంటారు. అంటే మా బిడ్డ రాసింది ఆమ్లమూ ఉప్పూ కలిస్తే అని. ఇంటికొచ్చాక అది "నీ తెలుగు వీడియోల వల్లే" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

లెక్కల్లోనూ ఇట్లాంటిదే ఇంకోటి ఉంది. మన పుస్తకాల్లో పూర్ణాంకాలు అంటే 0, 1, 2, 3 అట్లా పోయేవి, మైనస్ సంఖ్యలు కూడా కలిస్తే పూర్ణ సంఖ్యలు. మరాఠీలో సరిగ్గా తిరగేసి ఉంటుంది, పూర్ణ సంఖ్యా అంటే 0 నుంచి పోయేవి, పూర్ణాంక్ అంటే మైనస్‌లతో కలిపి. తెలుగు వీడియో చూసి మరాఠీలో జవాబు రాసే పిల్లకి ఇది గుంట లాంటిది, తెలియకుండానే పడుతుంది.

మాటే వేరైతే భయం లేదు. కటకాన్ని (లెన్స్) భింగ్ అంటారు, లంబకోణ త్రిభుజాన్ని కాట్‌కోన్ త్రికోణ్ అంటారు, క.సా.గు. వాళ్లకు ల.సా.వి. ఇవి వినగానే ఇది వేరే మాట అని పిల్లకే తెలిసి అడుగుతుంది. సమీకరణం, కర్ణం, త్వరణం, గురుత్వాకర్షణ లాంటివి రెండు వైపులా ఒకటే కాబట్టి వాటి గొడవే లేదు. ఒకేలా వినపడి అర్థం మారేవే ముంచేది. అందుకని జాకెట్ల కొలతలు రాసుకునే నా పాత బుక్కులో వెనక పేజీలు తీసి ఎడమ పక్క మరాఠీ మాట, కుడి పక్క తెలుగు మాట, కింద చిన్న బొమ్మ పెట్టించాను. ముంచే మాటలకు ఎర్ర పెన్ను. ఏ వీడియో పెట్టినా మొదట పాఠం మరాఠీ పుస్తకంలో ఒకసారి చదివి, మాటలు బుక్కులో ఎక్కించాకే ఫోన్ ముట్టుకోవాలి. ఈ ఒక్క అలవాటుతోనే మా కథ మారింది.

(అంకెలు పలకడంలో కూడా తిప్పలే. మనం ఇరవై ఒకటి అని పదులు ముందు చెప్తాం, మరాఠీలో ఒకట్లు ముందొచ్చి ఎక్వీస్ అవుతుంది. 2019లో రెండో తరగతి బాలభారతి లెక్కల పుస్తకంలో వీస్ ఏక్ అని పదులు ముందు పలికే పద్ధతి పెడితే మహారాష్ట్రలో పెద్ద గొడవే అయింది. మా ఇంట్లో మాత్రం అందరికీ అదే సులువనిపించింది, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.)

సిలబస్ సంగతి కూడా చూసుకోండి. తెలంగాణ వాళ్ల వీడియోలు తెలంగాణ పుస్తకం ప్రకారం పోతాయి, మన పిల్లలు రాసేది మహారాష్ట్ర బోర్డు. మన పదిలో బీజగణితం మొదటి పాఠంలోనే క్రేమర్ పద్ధతి ఉంటుంది, రెండు సమీకరణాల నుంచి x, y విలువలు కనుక్కునే దారి అది. తెలంగాణలో పదిలో అది లేదు, ఇంటర్‌లో వస్తుంది. ఆ పేరుతో తెలుగులో వెతికితే మూడు వరసలు, మూడు నిలువుల లెక్కలు వచ్చిపడ్డాయి, బిడ్డ ముఖం తెల్లబోయింది. పదిలో కావలసింది రెండు వరసలదే, పుస్తకంలో చేసి చూపించిన లెక్క చూస్తే పది నిమిషాల పని. అట్లాగే అర్థనియోజన్ అని జీఎస్టీ, షేర్ల పాఠం ఒకటుంది, నేను వెతికినప్పుడు బడి పిల్లలకు పనికొచ్చే తెలుగు వీడియో ఒక్కటీ దొరకలేదు. నేను లైనింగ్ గుడ్డ తెచ్చిన బిల్లు ముందు పెట్టాను. గుడ్డ మీద 5 శాతం, అది కేంద్రం వాటా సీజీఎస్టీ 2.5, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు ముక్కలుగా బిల్లులోనే ఉంది. ఆ పాఠానికి మళ్లీ వీడియో అడగలేదు.

మరాఠీ వీడియోలే పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టాం, బాలభారతి పుస్తకంలో క్యూఆర్ కోడ్ కొడితే దీక్షా అనే సర్కారు యాప్‌లో పాఠాలు తెరుచుకుంటాయి, డబ్బు కట్టేది లేదు. పరీక్ష ముందు తిరగేసుకోవడానికి అవే మేలు, మాటలు పుస్తకం మాటలే కాబట్టి. కానీ కొత్త పాఠం మొదటిసారి తలకెక్కడానికి మా బిడ్డకు తెలుగే పనిచేసింది. పక్కన కూర్చుని "ఏంటది, మళ్లీ చెప్పు" అనడానికి నాకూ వీలయింది.

ఇక నిమిషంలో అయిపోయే షార్ట్స్ గురించి. అవి చదువు కింద లెక్కపెట్టకండి. ఒక ట్రిక్కు చూపిస్తారు, అబ్బా అనిపిస్తుంది, వేలు పైకి జరిపితే తర్వాతది డ్యాన్సు, ఆ తర్వాత చికెన్ ఫ్రై. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, అదీ నా కుట్టుపని ఆర్డర్లకు కావాలి, కాబట్టి రాత్రి సిగ్నల్ బాగున్నప్పుడు రెండు పెద్ద వీడియోలు డౌన్‌లోడ్ చేసి, పొద్దున డేటా ఆపేసి చేతికిచ్చేదాన్ని. ఆ రెండూ అయిపోతే చూడటానికి ఇంకేమీ ఉండదు.

అన్నిటికన్నా పెద్ద మోసం ఇంకోటుంది. వీడియో చూశాక పిల్లలు అర్థమైంది అంటారు, అబద్ధం కాదు, నిజంగానే అర్థమవుతుంది. పెన్సిలిచ్చి చెయ్యమంటే రాదు. లెక్క మధ్యలో వీడియో ఆపి తర్వాతి మెట్టు నువ్వే వెయ్యి అనాలి. ఆ రోజు పాఠానికి పుస్తకంలో సరావ్‌సంచ్, అంటే అభ్యాసం, ఉంటుంది కదా, అందులో కనీసం నాలుగు లెక్కలు చేసి చూపిస్తేనే ఫోన్ మళ్లీ చేతికి. వృత్తలేఖిని పట్టుకుని గీసే రచనలు మాత్రం వీడియోతో అస్సలు రాలేదు, వాటికి బడి సారే దిక్కయ్యారు, మధ్యాహ్నం పూట ఓపిగ్గా గీయించారు.

సైన్సులో చేతితో చేసింది ఒకటి చెప్తాను, మీకూ పనికొస్తుంది. కటకం సామర్థ్యం అంటే 1ని నాభ్యంతరంతో (కటకం నుంచి ఎండ చుక్కగా చేరే చోటుకి ఉండే దూరం) భాగించడం, నాభ్యంతరం మీటర్లలో పెట్టాలి అని వీడియోలో చెప్పారు. బిడ్డ సెంటీమీటర్లలో పెట్టి పదేపదే తప్పు చేసేది. నా చూపు అద్దాల చీటీ మీద +1.5 అని ఉంది. అంటే 1ని 1.5తో భాగిస్తే 0.67 మీటర్లు, అంటే 67 సెంటీమీటర్లు. వాకిట్లో ఎండకు అద్దం పట్టుకుని వెనకాల తెల్ల గుడ్డ పెట్టి దూరం జరుపుకుంటూ పోయాం, వెలుగు చుక్క బాగా చిన్నగా అయిన చోట నా కుట్టు టేపుతో కొలిస్తే 65 వచ్చింది. అద్దంలోంచి సూర్యుణ్ణి మాత్రం చూడనియ్యకండి, గుడ్డ మీద చుక్కనే చూడాలి. ఆ రోజు నుంచి మీటర్ల తప్పు మళ్లీ చెయ్యలేదు. నా టేపు కూడా మళ్లీ దొరకలేదు, అది వేరే సంగతి.

బోర్డులో లెక్కల్లో 61, సైన్సులో 72 వచ్చాయి. ఊళ్లో బ్యానర్ కట్టే మార్కులేం కాదు గానీ తొమ్మిది మొదట్లో దాన్ని చూసినవాళ్లకు తెలుసు అవి ఎంతో.

మీవాడికి ఇంకా ఏడాదిన్నర టైముంది, టెన్షన్ పడకండి. మా బుక్కు పేజీలు ఫోటోలు తీసి పెడతాను. మరాఠీ వైపు మాటలు బిడ్డ పుస్తకంతో సరిచూసి దిద్దింది. తెలుగు వైపు నేను రాసినవి, ఒకట్రెండు చోట్ల కొలతల మీద పడ్డాయి, 36 నడుము అని ఉంటే అది సైన్సు కాదు, పక్కింటి వదినది.