కంట్రోలర్ ఆర్డర్ పెట్టే ముందు మీటర్ తియ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్స్‌కవేటర్ బూమ్, అంటే బకెట్‌ని మోసే పెద్ద చెయ్యి, నెమ్మదిగా లేస్తోంది, మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ వచ్చి పోతోంది, హైడ్రాలిక్ పంపుని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, అదే పంపు కంట్రోలర్, మార్చేద్దామని అందరూ అంటున్నారు అని రాశావు. ఆర్డర్ ఇంకా పెట్టలేదు కదా? ఆగు.

బకెట్ నేల మీద ఆనించి, హైడ్రాలిక్స్ కదలకుండా ఆపే లాక్ లివర్ వేసి, అప్పుడు పని మొదలుపెట్టు. వైరింగ్ పనే కదా అని లేచి ఉన్న బూమ్ కిందికి ఎప్పుడూ దూరకు.

ముందు హైడ్రాలిక్స్ బాగున్నాయో లేదో తేల్చుకో. చాలా బండ్లలో పంపుకి ఎమర్జెన్సీ స్విచ్ ఉంటుంది. అది వేస్తే కంట్రోలర్‌తో పని లేకుండా పంపు ఒక స్థిరమైన లెక్కలో నడుస్తుంది. స్విచ్ వేశాక బూమ్ చురుగ్గా లేచిందా, పంపు జోలికి పోనక్కర్లేదు. ఇంజన్ ఆర్‌పీఎం ఎంతో పంపు కంట్రోలర్‌కి చేరకపోతే, ఇంజన్ ఆగిపోకుండా అది పంపుని తగ్గించేస్తుంది. ఆపరేటర్‌కి అది పవర్ పోయినట్టే కనపడుతుంది. పుండొకచోట, మందొకచోట అయ్యేది ఇక్కడే.

తర్వాత ఫాల్ట్ కోడ్లు. చెరిపెయ్యకుండా అన్నీ కాగితం మీద రాసుకో, ఏ కంట్రోలర్ ఎవరి గురించి ఫిర్యాదు చేస్తోందో పక్కనే రాయి. జె1939 అనేది పెద్ద బండ్లలో కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. దాని కోడ్లలో ఫాల్ట్ ఏ రకమో చెప్పే నంబరు ఎఫ్ఎంఐ. ఎఫ్ఎంఐ 9 అంటే రావలసిన మెసేజ్ వేళకి రాలేదని. ఆ కోడ్ పెట్టింది వినేవాడు. వాడు పేరు చెప్పినవాడు పాడైపోయాడని దాని అర్థం కాదు, వాడి మాట తనకి చేరలేదని మాత్రమే. మిగతా అందరూ ఒక్కడి గురించే చెబుతుంటే ఆ ఒక్కడి కరెంటు, ఎర్త్, వాడి దగ్గరికి వెళ్ళే కొమ్మ వైర్లు చూడు. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే కంట్రోలర్లన్నీ మాట్లాడుకునే అసలు లైనే దెబ్బతింది.

ఆ లైను ఏమిటో మనసులో బొమ్మ గీసుకుంటే సగం పని అయిపోతుంది. ఒకదానికొకటి మెలేసిన రెండు వైర్లు, క్యాన్ హై, క్యాన్ లో. ఈ లైను పేరే క్యాన్. కార్లలో వైర్ల మోపు తగ్గించడానికి బాష్ వాళ్ళు తయారుచేసి 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది. లైను రెండు కొసల్లోనూ ఒక్కో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. ట్రాక్ బండిలో ఇంజన్, పంపు, క్యాబిన్ అన్నీ పైభాగంలోనే ఉంటాయి కాబట్టి సాధారణంగా ఈ లైను స్వింగ్, అంటే పైభాగం తిరిగే చోటు, దాటి కిందికి పోదు. నువ్వు వెతకాల్సిన చోటు కొన్ని మీటర్లే.

కీ ఆఫ్ చేసి, కంట్రోలర్లు నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు ఆగి, బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్టెయ్యి. తొమ్మిది పిన్నుల డయాగ్నోస్టిక్ సాకెట్‌లో సి, డి పిన్నుల మధ్య ఓమ్స్ చూడు. పిన్నుల వరుస ఒకసారి ఆ బండి డయాగ్రామ్‌తో సరిపోల్చుకో. 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ లేదు, లేదా దారిలో ఎక్కడో వైరు తెగింది. సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ తగిలించారు. తర్వాత బిగించిన ట్రాకింగ్ పరికరాలు ఉంటే ముందు వాటిని విప్పి చూడు. 60 వచ్చింది కదా అని సంబరపడకు. కొమ్మ వైరు తెగినా మెయిన్ లైనులో 60 ఉంటుంది.

ఇప్పుడు కీ ఆన్ చేసి వోల్టులు చూడు. ఎర్త్‌కి హై 2.5 కన్నా కాస్త ఎక్కువ, లో కాస్త తక్కువ, రెండూ కలిపితే 5 దగ్గర ఉండాలి. మీటర్ చూపించేది సగటు మాత్రమే. రెండూ కచ్చితంగా ఒకటే అంకె అయితే లైను మీద ఎవరూ మాట్లాడటం లేదు, లేదా రెండు వైర్లూ అంటుకున్నాయి. ఒకటి సున్నాకో 24కో పోతే అది బాడీకో బ్యాటరీకో తగిలింది. అప్పుడు కంట్రోలర్లు ఒక్కొక్కటే, ప్రతిసారీ కీ ఆఫ్ చేసి, విప్పుతూ చూడు. ఏది విప్పితే లైను కోలుకుందో దాని కొమ్మలో వెతుకు. కొన్ని కంట్రోలర్ల లోపలే రెసిస్టర్ ఉంటుంది, అది విప్పితే ఓమ్స్ 120 కావడం సహజం.

కరెంటు, ఎర్త్‌ల విషయంలో మీటర్‌ని నమ్మి నేను ఒకసారి దెబ్బతిన్నాను. బాగా చెయ్యి తిరిగాక చేసిన తప్పు అది. కంట్రోలర్ దగ్గర 24 వోల్టులు నిక్కచ్చిగా చూపించాయి. సరేనని కొత్త కంట్రోలర్ వేయించాను. మూడో రోజు, ఎండలో బండి వేడెక్కాక మళ్ళీ అదే ఎర్రర్. యజమాని మొహం చూడలేకపోయాను. చివరికి క్యాబిన్ వెనక బ్రాకెట్ దగ్గర హార్నెస్, అంటే వైర్ల కట్ట, టేపు విప్పితే ఎర్త్ వైరు ఒరుసుకుపోయి ఉంది. రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, నాలుగైదు మాత్రమే మిగిలాయి. లోడు లేనప్పుడు ఒక్క పోగు మిగిలినా మీటర్ 24 చూపిస్తుంది. అప్పటినుంచీ నా పెట్టెలో 24 వోల్టుల బల్బు ఒకటి ఉంటుంది. కంట్రోలర్ కనెక్టర్ విప్పి, హార్నెస్ వైపు కరెంటు, ఎర్త్‌ల మధ్య దాన్ని వెలిగించి వోల్టేజ్ చూస్తాను. మసకబారితే అక్కడే ఆగి వెతుకుతాను.

కనెక్టర్లలో మీటర్ ముల్లు గుచ్చకు. సాకెట్ వెడల్పయిపోతుంది, నువ్వే కొత్త ఫాల్ట్ పెట్టినవాడివవుతావు. సరైన సైజు మగపిన్ను ఒకటి దగ్గర పెట్టుకుని ఒక్కో సాకెట్‌లోకి తోసి లాగి చూడు. బిగువు వేలికి తెలియాలి. వదులుగా జారితే ఆ టెర్మినల్ మార్చు. సీలు చిరిగిందా, లోపల తడి ఉందా చూడు. ప్రెషర్ నీళ్ళతో కడిగిన మర్నాడే ఈ ఎర్రర్లు ఎక్కువ వస్తాయి. ఈమధ్య బండి కడిగారా, బకెట్‌కి వెల్డింగ్ చేశారా అని ఆపరేటర్‌ని మర్యాదగా అడుగు. బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ చేసి ఉంటే నిజంగానే కంట్రోలర్ పోయి ఉండొచ్చు.

ఎర్రర్ వచ్చి పోతోందంటున్నావు కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొలిచి ఊరుకోకు. బండి వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా, ఒకడిని మానిటర్ దగ్గర కూర్చోబెట్టి హార్నెస్‌ని జానెడు జానెడుగా కదిలిస్తూ పో. చేతులు ఫ్యాన్‌కి, బెల్టులకి దూరంగా పెట్టుకో. నువ్వు కదిలించిన చోట వాడు "వచ్చింది" అని అరిస్తే అక్కడ టేపు విప్పు.

ఓమ్స్ ఎంత, హై ఎంత, లో ఎంత, బల్బు వెలిగినప్పుడు వోల్టులు ఎన్ని, ఈ నాలుగు అంకెలూ నాకు రాసి పంపు. కంట్రోలర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు