నల్లకలువ అంతరించిపోతున్న మొక్కల జాబితాలో ఉందా?

లేదు. విజయవాడ, గుంటూరు పరిసరాల చెరువుల్లో పూసే నల్లకలువను (నింఫియా నౌచాలి) అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన రెడ్ లిస్టులో 'లీస్ట్ కన్సర్న్' తరగతిలో, అంటే ప్రస్తుతానికి అంతరించే ముప్పు లేని జాతుల్లో చేర్చింది. అయితే ఆ తరగతిని ఒక జాతి ప్రపంచమంతటా ఎలా ఉందో చూసి నిర్ణయిస్తారు కనుక, మన ఊరి చెరువులో అది క్షేమంగా ఉందనడానికి అది రుజువు కాదు. ఈ మొక్క దుంప అడుగు బురదలో ఉంటుంది, ఆకులు నీటిమీద పరుచుకుని ఎండను అందుకుంటాయి. గుర్రపుడెక్క కమ్మేస్తే ఆ ఆకులకు చోటూ వెలుతురూ దొరకవు, ఇళ్ల స్థలాల కోసం చెరువును మట్టితో పూడిస్తే దుంపే పోతుంది. నా ఉద్దేశంలో రెండోదే పెద్ద ప్రమాదం, ఎందుకంటే డెక్కను తీసేయవచ్చు గానీ పూడ్చిన చెరువు తిరిగి రాదు. గుర్తింపు ఉన్నచోటా ముప్పు తప్పదు: కొల్లేరు సరస్సుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చినా, చేపల చెరువుల ఒత్తిడి అక్కడ తెలిసిందే. నర్సరీ తొట్లలో కనిపించే రంగురంగుల కలువలు చాలావరకు సంకరజాతులు, స్థానిక జాతి పరిస్థితిని వాటిని బట్టి అంచనా వేయకూడదు.