చలికాలంలో ఆఫీసుకు సైకిల్: పంక్చర్లను తట్టుకునే టైరు ఏది?

ఇంగ్లండ్, జర్మనీ లాంటి చోట్ల చలికాలంలో రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు ట్రెడ్ (రోడ్డుకు తగిలే పై రబ్బరు) కింద మందపాటి రక్షణ పొర ఉన్న టైరు తీసుకోవాలి. పంక్చర్లు పెరగడానికి అసలు కారణం చలి కాదు, తడి. వాన నీటికి గాజుపెంకులు, చెకుముకి రాతి ముక్కలు రోడ్డు అంచుకు కొట్టుకొచ్చి టైరుకు అతుక్కుంటాయి. తడి రబ్బరును గాజు తేలిగ్గా కోస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ముక్క ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఉదాహరణకు ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్ టైరులో 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉంటుంది కాబట్టి చిన్న ముక్క దిగినా ట్యూబు దాకా పోదు. బరువెక్కువే, రిమ్ముకు ఎక్కించేటప్పుడు వేళ్లు నొప్పెడతాయి కూడా. అయితే ఇలాంటి టైరు మంచు మీద జారదనుకోవడం పొరపాటు. గడ్డకట్టిన రోడ్డుకు లోహపు మేకులున్న టైర్లే కావాలి.