వెండి తీగ లాగుతుంటే తెగిపోతోందా?

1 ఎంఎం స్టెర్లింగ్ (92.5% వెండి) తీగను 0.6కి లాగుతుంటే ప్రతిసారీ చివర్లో పుటుక్కున తెగుతోందన్నారు కదండీ. తప్పు కమ్మచ్చుది (తీగను లాగే రంధ్రాల పలకది) కాదనుకుంటాను. 0.7కి వచ్చేసరికే తీగ అడ్డకోత సగమైపోతుంది, లోహం బిర్రబిగుసుకుంటుంది. అక్కడ ఆగి, మళ్ళీ మెత్తబడేలా కాల్చాలి. తీగను బిగువుగా చుట్ట చుట్టండి, కొసలు బయటికి పొడుచుకు రానివ్వకండి. ముందు కరిగేవి అవే! గదిలో లైటు తగ్గించి, మెత్తటి పెద్ద మంటను ఒకచోట నిలపకుండా తిప్పుతూ, మసక ఎరుపు కనబడగానే తీసేయండి. నేనైతే చుట్ట మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీస్తాను. అది చెరిగిపోతే దాదాపు చాలు. ఎరుపు పోయాక నీళ్ళలో ముంచి, పికిల్‌లో (నలుపు పోగొట్టే పలుచని ఆమ్లంలో) వేసి, కడిగి తుడిచి, కాస్త మైనం రాసి మళ్ళీ లాగండి. త్వరగా అవుతుందని మధ్యలో రంధ్రాలు మాత్రం దాటేయకండి.