పసిబిడ్డకు జ్ఞానస్నానం: ఇప్పుడా, ఎదిగాకా?

ప్రశ్న: మా పాపకు అయిదో నెల నడుస్తోంది. నేను కతోలిక కుటుంబంలో పుట్టి, నెలల పిల్లగా ఉండగానే జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని మేము అలా అంటాం) పొందాను. మావారు బాప్తిస్టు సంఘంలో పెరిగి, పదిహేడో ఏట తమ సొంత నిర్ణయంతో నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. పాపకు వెంటనే జ్ఞానస్నానం ఇప్పించకపోతే, జరగరానిది జరిగితే బిడ్డ గతి ఏమిటని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఊహ తెలియని బిడ్డ తలమీద నీళ్లు పోస్తే అది బాప్తిస్మం ఎలా అవుతుందని మా అత్తగారు అడుగుతున్నారు. మేమిద్దరం విశ్వాసులమే. అసలు ఇప్పించాలా, వద్దా? ఇప్పించేటట్లయితే ఏర్పాట్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందుగా మీ అమ్మగారి భయం గురించి మాట్లాడుకుందాం. ఆ భయం ఇంట్లో ఉన్నంతకాలం మీరిద్దరూ ఏ నిర్ణయమూ నిమ్మళంగా తీసుకోలేరు. జ్ఞానస్నానం పొందకుండా కన్నుమూసిన పసిపిల్లలు స్వర్గంలో చేరకుండా లింబో అనే స్థితిలో ఉండిపోతారన్న మాట తరతరాలుగా వినబడుతూ వచ్చింది కాని, శ్రీసభ, అంటే కతోలిక సంఘం, దానిని విశ్వాస సత్యంగా ఎన్నడూ నిర్వచించలేదు. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం అటువంటి బిడ్డలను దేవుని కరుణకే అప్పగించింది. 2007లో వాటికనుకు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం ఇదే విషయాన్ని విపులంగా పరిశీలించి, వారు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన ఆధారాలున్నాయని తెలిపింది. అలాగని జ్ఞానస్నానాన్ని ఊరికే వాయిదా వేయవచ్చని శ్రీసభ అనడం లేదు. పుట్టిన మొదటి వారాల్లోనే ఇప్పించే బాధ్యత తల్లిదండ్రులదని దాని చట్టం చెబుతుంది. ఈ రెండు మాటలనూ మీ అమ్మగారికి కలిపి చెప్పండి, వీలైతే మీ విచారణ (మీ ప్రాంతపు గుడి పరిధి) గురువు చేతనే చెప్పించండి. మనవరాలి మీద ప్రేమతో పుట్టిన భయం అది. వాదంతో కాక, ఓదార్పుతో తీరవలసినది.

మీ అత్తగారి ప్రశ్న కూడా తేలికైనది కాదు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇమ్మని గాని, ఇవ్వవద్దని గాని కొత్త నిబంధనలో సూటైన ఆజ్ఞ లేదు. అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయంలో లూదియ, చెరసాల నాయకుడు తమ ఇంటివారితో సహా బాప్తిస్మం పొందారని ఉంది కాని, ఆ ఇళ్లలో చంటిపిల్లలు ఉన్నారో లేదో అక్కడ చెప్పలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత పిల్లల విషయంలో ఆగడం మేలని రాశాడు. మరో యాభై ఏళ్లకు అదే కార్తేజిలో, బిడ్డకు ఎనిమిదో రోజు వచ్చేదాకా కూడా ఆగనవసరం లేదని అక్కడి బిషప్పు సిప్రియనుతో కూడిన బిషప్పుల సభ తేల్చింది. విశ్వాసంలో అంత స్థిరురాలైన మోనిక కొడుకు, తరువాత గొప్ప వేదాంతిగా పేరొందిన అగస్టీనుకు సైతం బాల్యంలో జ్ఞానస్నానం జరగలేదు. 387లో మిలాను నగరంలో, ముప్పై దాటిన వయసులో, అక్కడి బిషప్పు అంబ్రోసు చేతులమీదుగా పొందాడు. మీ ఇంట్లో ఇవాళ జరుగుతున్న చర్చ సంఘంలో మొదటినుంచీ ఉన్నదేనని తెలిస్తే, మీ ఇద్దరు పెద్దలలో ఎవరినీ మూర్ఖులుగా చూడవలసిన అవసరం ఉండదు.

అయితే చరిత్ర మీకు నిర్ణయం చేసిపెట్టదు. మీ కుటుంబానికి వర్తించే అసలు చిక్కు మరొకటుంది. కతోలిక, ఆర్థడాక్సు, లూథరన్, ఆంగ్లికన్ సంఘాల దృష్టిలో బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే; దానిని మళ్లీ ఇవ్వడమన్నది లేదు. బాప్తిస్టు సంఘాలలో చాలావరకు, తానుగా నమ్మి ఒప్పుకున్న తరువాత పొందినదే బాప్తిస్మం, శైశవంలో జరిగినది లెక్కకు రాదు. కాబట్టి ఇప్పుడు పాపకు జ్ఞానస్నానం ఇప్పిస్తే, రేపు ఆమె ఎదిగి తండ్రి సంఘంలో మునుగుతానన్నప్పుడు తల్లి సంఘం దానిని అంగీకరించదు. ఇప్పించకుండా, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థనతో సరిపెడితే, ఆ దారి తెరిచే ఉంటుంది కాని, మీ సంఘం ఆమెకు మొదటి రోజే ఇవ్వదలచినది ఆలస్యమవుతుంది. రెండు వైపులా ఏదో ఒకటి వదులుకోవాలి. ఈ మాటను మీరు, మీవారు ఒకరికొకరు స్పష్టంగా చెప్పుకున్నారా? చాలా ఇళ్లలో పెద్దల అభిప్రాయాలు చర్చకు వస్తాయి కాని, భార్యాభర్తల మాట మాత్రం బయటికి రాదు.

నా సలహా ఇది. తేదీ సంగతి తలపెట్టకముందే, జ్ఞానస్నాన క్రమం ఉన్న పుస్తకాన్ని మీ గుడినుంచి తెచ్చుకుని, బిడ్డ నిద్రపోయిన ఒక రాత్రి ఇద్దరూ కూర్చుని, తల్లిదండ్రులు పలకవలసిన మాటలను బయటికి చదవండి. బిడ్డను విశ్వాసంలో పెంచే బాధ్యత మీదని తెలిసే అడుగుతున్నారా అని గురువు ప్రశ్నిస్తారు. సాతానును, వాని క్రియలను విడిచిపెడుతున్నారా, తండ్రిని, కుమారుని, పవిత్రాత్మను విశ్వసిస్తున్నారా అని అడుగుతారు. బిడ్డకు ఇంకా మాట రాదు, జవాబు మీరే ఇవ్వాలి. ఆ మాటలు మీ నోట నిజంగా పలుకుతున్నాయా, మీవారు మనసులో గింజుకోకుండా మీ పక్కన నిలబడగలరా అన్నదే నా దృష్టిలో ఇప్పించడానికీ ఆగడానికీ కొలత. బంధువుల ఒత్తిడి, ఫోటోలు, పదిమంది ఏమనుకుంటారన్న చింత ఆ కొలతలో చేరకూడదు.

ఆగడమంటే తిరస్కరించడం కాదని శ్రీసభ చట్టమే ఒప్పుకుంటుంది. 1983 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులలో కనీసం ఒకరి సమ్మతి, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆధారం గల నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం బొత్తిగా లేనప్పుడు, కారణం తల్లిదండ్రులకు వివరించి, జ్ఞానస్నానాన్ని వాయిదా వేయాలి. ఒకరి సమ్మతి చాలునని మీవారిని పక్కన పెట్టి ముందుకు వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. చట్టానికి అది చాలవచ్చు, పాప పెరిగే ఇంటికి చాలదు.

మరొక విషయం జ్ఞాపకం చేసుకోండి. మీ పెళ్లి కతోలిక గుడి అనుమతితో జరిగి ఉంటే, పుట్టబోయే పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి ఆ విశ్వాసంలో పెంచడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తానని మీరు మాట ఇచ్చి ఉంటారు, ఆ సంగతి మీవారికి తెలిపి ఉంటారు. ఆనాడు తొందరలో సంతకం పెట్టిన మాట కావచ్చు, అయినా మాటే. మీరు ఇప్పటికీ ప్రతి ఆదివారం పూజకు వెళుతూ, పాపను కూడా తీసుకువెళ్లబోతున్నట్లయితే, మీవారు మనసారా సరేనంటే, ఇప్పించడమే మంచిదని నా అభిప్రాయం. ఒకవేళ మీరిద్దరూ కలిసి వెళుతున్నది ఆయన సంఘానికే అయితే, ఎవరి తృప్తి కోసమో ఆ ప్రమాణాలు పలకవద్దు. ముందు మీ గురువుతో దాపరికం లేకుండా మాట్లాడండి.

ఇప్పించాలనుకున్నాక ఏర్పాట్లలో మొదటి అడుగు గురువును కలవడం. హాలు, ఆహ్వానాలు ఆ తరువాతివి. సాధారణంగా మీరు నివసించే విచారణ గుడిలోనే జరుగుతుంది. ఆదివారం గాని, పాస్కా (ఈస్టరు) జాగరణ రాత్రి గాని జరపడం శ్రేష్ఠమంటారు. పాస్కాకు ముందు వచ్చే తపస్సు కాలంలో చాలా గుళ్లు తేదీ ఇవ్వవు. తల్లిదండ్రులకు, జ్ఞాన తల్లిదండ్రులకు (బిడ్డ విశ్వాసానికి అండగా నిలిచేవారికి) ముందుగా శిక్షణ ఉంటుంది కనుక ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి. పాప జనన పత్రం, మీ వివాహ పత్రం సిద్ధంగా ఉంచుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది జ్ఞాన తల్లిదండ్రుల ఎంపిక. ఒకరు చాలు, ఇద్దరైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉండాలి. పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) పొందిన కతోలికులై ఉండాలి; కన్న తల్లిదండ్రులు ఉండకూడదు. మీవారి వైపువారిని కలుపుకునే దారి కూడా ఇక్కడే ఉంది. బాప్తిస్మం పొందిన ఇతర సంఘస్థులు, కతోలిక జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లితో పాటు, సాక్షిగా నిలబడవచ్చు. మీ ఆడపడుచుకు ఆ స్థానం ఇస్తే మీ అత్తగారు పరాయిగా కూర్చోవలసిన అవసరం రాదు. హోదా చూసి ఎంచుకోకండి. పాపకు పద్నాలుగేళ్లు వచ్చి మీ మాట వినని రోజున ఎవరి మాట వింటుందో ఊహించి ఎంచుకోండి.

ఆ రోజు బిడ్డ రొమ్ముమీద ఒక తైలం, నడినెత్తిన మరొక తైలం పూస్తారు. అందుకని మెడ దగ్గర విప్పడానికి వీలైన బట్టలు తొడగండి. తెల్లని వస్త్రం, కొవ్వొత్తి ఎవరు తేవాలో గుడిలోనే అడగండి. పాలు పట్టిన తరువాత నిద్రవేళకు ముందు ఉండే ఘడియను కోరుకోండి. పాప ఏడ్చినా ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: మా బాబు నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటరులో ఉన్నప్పుడు, పరిస్థితి విషమించిందని తెలిసి, మా పెద్దమ్మ వాడి తలమీద నీళ్లు పోసి ప్రార్థించింది. దేవుని దయవల్ల బాబు ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడు. గుడిలో మళ్లీ జ్ఞానస్నానం ఇప్పించాలా?

జవాబు: బాబు కోలుకున్నందుకు ఎంతో సంతోషం. ప్రాణాపాయ సమయంలో గురువు అందుబాటులో లేకపోతే, సరైన ఉద్దేశం గల ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. ఆంగ్లికన్, లూథరన్ సంఘాలు కూడా దీనిని గుర్తిస్తాయి. మామూలు నీళ్లు పోస్తూ, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అన్న అర్థం వచ్చే మాటలు పలికి ఉంటే అది సంపూర్ణమైన జ్ఞానస్నానమే, మళ్లీ ఇవ్వరు. మిగిలిన తైలాభిషేకం, తెల్లని వస్త్రం, కొవ్వొత్తి వంటి భాగాలను, సంఘం బిడ్డను చేర్చుకునే క్రమాన్ని గుడిలో జరుపుతారు, కనుక మీరు కోరుకున్న వేడుకకు లోటుండదు.

కాని మీ పెద్దమ్మగారు ప్రార్థించింది ఏ మాటలతో అన్నదే కీలకం. స్వస్థత కోసం ప్రార్థన మాత్రమే చేసి ఉంటే అది జ్ఞానస్నానం కాదు. విచారించిన తరువాత కూడా సందేహం తీరకపోతే, గురువు "నీవు ఇదివరకు పొంది ఉండకపోతే" అన్న షరతుతో ఇస్తారు. ఆమెకు జ్ఞాపకం చెదరకముందే అడిగి, పలికిన మాటలు, తేదీ, ఆ క్షణంలో పక్కన ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసి, గుడి రిజిస్టరులో నమోదు చేయించడానికి మీ గురువుకు అందజేయండి.